నెయ్యి తగలని శావిగలు

పెనుకొండలో ఆ వీధిలో హనుమంతమ్మవ్వ ముక్కుకు భయపడని మనిషి లేడు. నాలుగిళ్ల అవతల పాలు పొంగితే ఈమె ఇక్కడ కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేది. పెరుగు చిలికే ఇంటి ముందునుంచి పోవాల్సి వస్తే ఊపిరి బిగబట్టి నడిచి, మలుపు తిరిగాక ఎర్రబడిన మొహంతో నిలబడి, 'థూ' అని ఒకసారి ఉమ్మి, మళ్లీ కదిలేది. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, గుడ్డు, చేప, మాంసం ఏవీ ఆమె నోట్లోకి పోవు. దేవుడికి మొక్కుకుని మానేసిందా అంటే కాదు. జీవాల మీద జాలా అంటే అదీ కాదు, మాట వినని పాడి ఎనుమును చీపురు తిరగేసి బాదే రకం. ఉత్త అసహ్యం.

ఆ అసహ్యం ఏడేళ్ల వయసులో పట్టుకుంది. అవ్వ పుట్టిల్లు నల్లచెరువు. ఇంట్లో ఆవుదూడ చచ్చిపోతే, ఆవు పాలు ఎగ్గొడుతుందని వాళ్ల నాయన దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కుట్టించి, ఆవు ముందర నిలబెట్టాడు. ఆవు దాన్ని నాకుతూ పాలు చేపింది. కుట్టు ఊడిన చోట గడ్డి బయటికొచ్చి ఉంది. దాని మీద ఈగలు. ఆ పూట గ్లాసులో పోసిచ్చిన పాలు తాగిన పిల్ల గడప దాటకముందే మొత్తం కక్కేసింది. తర్వాత తెల్లగా ఉన్నదేది చూసినా ఆ గడ్డే కనిపించేదట.

అలాంటి పిల్లను తెచ్చి, చక్కగా ఆలోచించి, పాల వ్యాపారం చేసే రంగప్పకు ఇచ్చి పెళ్లి చేశారు పెద్దలు. పెళ్లిలో పాలూ పండ్లూ ఇచ్చినప్పుడు పెళ్లికూతురు ఒక గుక్క తాగి కొత్త చాప మీదే వాంతి చేసుకుంది. ఆడవాళ్లంతా నోళ్లు నొక్కుకున్నారు. రంగప్ప మాత్రం ఆమె గ్లాసు కూడా తీసుకుని గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "పోనీలేండి, మా ఇంట్లో ఇంగ ఒకరి పాలు మిగుల్తాయి" అన్నాడు. మంచివాడు. బతికినన్నాళ్లూ హోటళ్లకు పాలు పోసి వచ్చాక మోచేతుల దాకా కుంకుడు రసంతో రుద్దుకోకుండా ఆమె దగ్గర కూర్చోలేదు. అయినా అవ్వ ముక్కు ఎగబీల్చి, "ఎడం చెయ్యి సరిగ్గా కడగలా నువ్వు" అనేది. ఆయన లేచి పోయి మళ్లీ కడుక్కుని వచ్చేవాడు.

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు తిరుపాల్. ఆర్టీసీలో కండక్టరు. అతని పెళ్లి తొంభై ఒకటిలో ధర్మవరంలో జరిగింది. పెళ్లికూతురు రమాదేవి తల్లి సరస్వతమ్మ గడుసు మనిషి. వియ్యపురాలు నెయ్యి తినదని ముందే చెప్పి పంపారు. సరస్వతమ్మకు అది అవమానంగా తోచింది. నెయ్యి లేని పప్పు వియ్యపురాలి విస్తట్లో వేస్తే ఊళ్లో మా మర్యాద ఏం కావాలి, ఒక చెంచా పడితే ఈమెకేం తెలుస్తుందిలే అనుకుని, వేరే గిన్నెలో తీసిన పప్పులో ఒక చెంచా కలిపేసింది.

"ఏమీ కలపలేదు కదమ్మా?" అని అవ్వ రెండుసార్లు అడిగింది.

"నా బిడ్డ మీద ఒట్టు వదినా, చుక్క కలపలేదు" అంది సరస్వతమ్మ.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అవ్వ కళ్లు తిరిగాయి. నిండు పంక్తిలో, వాళ్లు పెట్టిన కొత్త ధర్మవరం పట్టుచీర మీదే వాంతి చేసుకుంది. పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి పాయసం గిన్నె పట్టుకుని లేచి పరుగెత్తాడు. అవ్వ మూతి తుడుచుకుని లేచి నిలబడి అందరికీ వినపడేలా ఒకే మాట అంది:

"ఇంగ నా బొందిలో పానముండేంత వరకు ఇంకొకరి చేతి కూడు ముట్టను."

అన్నమాట నిలబెట్టుకుంది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, ఒక మట్టికుండ, ఒక సత్తు గిన్నె, తినే పళ్లెంగా ఒక తట్ట. వాటిని ఇంకెవరూ తాకకూడదు. తన సంగటి తనే కెలుక్కుని, వేరుశనగ గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు రోట్లో నూరి ఊరిబిండి చేసుకుని, గోడవైపు తిరిగి తినేది. అమ్మ చేసిన పనికి రమాదేవి ఏం చేస్తుంది పాపం? కొత్త కోడలిగా వచ్చి మొదటిసారి వండిన వంట అత్త ముట్టలేదు. తర్వాత పదహారేళ్లలో ఒక్క పూట కూడా ముట్టలేదు. ఈ మధ్యలో రంగప్ప కన్నుమూశాడు. దినం నాటి కూడు కూడా అవ్వ తన కుండలోనే వండుకుంది.

రెండువేల ఆరులో అందరినీ మంచానికి కట్టేసిన ఆ కీళ్ల జ్వరం అవ్వను కూడా పట్టింది. చికున్‌గున్యా. అందరికీ నెలకో రెండు నెలలకో తగ్గింది. అవ్వకు జ్వరం తగ్గింది గానీ వేళ్లు తిరిగి రాలేదు. కణుపులు గోలీకాయల్లా ఉబ్బి, వేళ్లు సగం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. చెంబు పట్టుకోవాలంటే రెండు మణికట్ల మధ్య ఇరికించుకోవాలి.

మరుసటి ఏడాది ఒక పొద్దున పెరట్లో 'ధన్'మని చప్పుడైతే రమాదేవి పరుగెత్తింది. సంగటి కుండ బోర్లా పడి ఉంది. అవ్వ తెడ్డును చంకలో పెట్టుకుని కెలకబోయిందట. కాళ్ల మీద ఉడుకు సంగటి పడి బొబ్బలెక్కాయి.

"దూరం పో. నీ చేతులు ఎనుము వాసన కొడతాండాయి" అంది అవ్వ, కాళ్లు మండుతున్నా.

ఆ రోజునుంచి అరటిపండ్లు, బొరుగులు, వేయించిన శెనక్కాయలు. ఇంకేమీ లేదు. మూడు నెలల్లో అవ్వ భుజాల మీద జాకెట్టు నిలవడం మానేసింది. తిరుపాల్ హిందూపురం తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తే ఆయన మందుల చీటీ కూడా రాయలేదు.

"ఈమెకు మందేముండాదప్పా? కూడు పెట్టండి. ఇట్లే ఇంకో రెండు నెలలుంటే లేచేది కష్టం" అన్నాడు.

తిరుపాల్ బస్సులో దారి పొడవునా బతిమాలాడు. అవ్వ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"సచ్చిపోతావమ్మా" అన్నాడు చివరికి.

"సస్తే ఒక్కసారే సస్తా. నెయ్యి తింటే పూటపూటకీ సావాల" అంది అవ్వ.

రమాదేవి ప్రయత్నం చేయకపోలేదు. కొత్త కుండ కొని సంగటి చేసింది. అవ్వ వాసన చూసి, "నీళ్లు పాలచెంబుతో పోసినావు" అంది. నిజమే. పప్పు చేసింది. పప్పు పేరు వింటేనే ధర్మవరం గుర్తొచ్చి అవ్వ మొహం తిప్పుకుంది. చిత్రాన్నం చేస్తే, ఎప్పుడో అవ్వ ఆడబిడ్డ చిత్రాన్నంలో మజ్జిగ చిలకరించి ఇచ్చిన సంగతి బయటికొచ్చింది. ఆ ఇంట్లో వండే ఏ వంట తీసినా దాని అడుగున ఒక పాత మోసం ఉంది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం టీవీలో వంటల కార్యక్రమం వచ్చింది. లెక్కల్లో తప్పి పదో తరగతి దగ్గరే ఆగిపోయిన మనవరాలు తనూజ మంచం కోడు మీద కాళ్లు పెట్టుకుని చూస్తోంది. ఉన్నట్టుండి కేక పెట్టింది.

"అవ్వోయ్, నీ మాదిరోళ్లు బెంగళూర్లో చానామంది ఉండారంట! పాలు తాగరు, నెయ్యి తినరు, గుడ్డు తినరు. వాళ్లకు పేరు కూడా ఉండాది. వీగన్లు!"

"అసయ్యానికి పేరేంటికే?" అంది అవ్వ అటు తిరక్కుండానే.

టీవీలో వంట చేసే ఆమె థాయ్‌లాండ్ దేశపు నూడుల్స్ చేస్తోంది. బియ్యప్పిండితో చేసిన సన్నటి పోగులను నూనెలో కూరగాయలతో వేయించి, చింతపండు, బెల్లం, కారం వేసి, పైన వేరుశనగ గింజల పలుకులు చల్లుతుందట. గుడ్డు, చేపల సాస్ వేయకుండా, బదులుగా సోయా సాస్ పోసి కూడా చేసుకోవచ్చని ఆమె చెబుతుంటే రమాదేవి గ్యాస్ పుస్తకం వెనక అట్ట మీద గబగబా రాసుకుంది. "చివరగా..." అని ఆమె చెయ్యెత్తింది. కరెంటు పోయింది.

చివరగా ఏమిటో ఇప్పటికీ తెలీదు. కానీ రమాదేవి ఆ అట్టను చూస్తూ చాలాసేపు కూర్చుంది. చింతపండు, బెల్లం, శెనక్కాయలు. మూడూ ఇంట్లో ఉన్నవే, అత్త తినేవే. పైగా ఈ వంట ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చేయలేదు. కాబట్టి ఇందులో ఎవరూ ఏమీ కలిపి ఉండరు.

హిందూపురంలో బియ్యం నూడుల్స్ దొరకవని తిరుపాల్ మూడు అంగళ్లు తిరిగి వచ్చి చెప్పాడు. గోబీమంచూరియా బండివాణ్ణి అడిగి ఒక సోయా సాస్ సీసా మాత్రం తెచ్చాడు. అవ్వ మూత తీయించి వాసన చూసి తల వెనక్కి విసిరింది.

"థూ! బస్సు కింద కారే నూనె పట్టుకొచ్చినావా నాయనా?"

"వంటలో పోసుకునేదేనమ్మా. సోయా గింజలతో చేస్తారంట."

"ఏ గింజలైనా కానీ, ఊరబెట్టి కుళ్లబెట్టినారు. ఆ దేశంలో ఎనుముల్లేవా? ఇదేంటికి తాగుతారు?"

నూడుల్స్ లేకపోతే ఏం, శావిగలు ఉన్నాయి కదా అంది రమాదేవి. ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి ఒత్తు అటకమీద ఉంది. మూడు కాళ్ల మీద నిలబడి, పైన పిడి తిప్పితే కింద జల్లెడలోంచి పోగులు దిగే రకం. బియ్యం నానబెట్టి, రుబ్బి, పిండిని పొయ్యి మీద గట్టిపడేదాకా కెలికి, ఉండలు చేసి, ఉడికించి, వేడి ఆరకముందే ఒత్తులో పెట్టి తిప్పాలి.

ఆదివారం తిరుపాల్‌కు డ్యూటీ లేదు. ఆ పొద్దున రమాదేవి ఎనుముల పాలు అతనితో పిండించింది. తను ముట్టుకోలేదు. కుంకుడు రసం, నిమ్మచెక్క, పొయ్యిబూడిద వరసగా పెట్టి మోచేతుల దాకా రుద్దుకుంది. కొత్త బాణలి, కొత్త గరిటె. అవ్వ వసారాలో మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని ఉంది గానీ ముక్కు మాత్రం వంటింట్లోనే ఉంది. బియ్యం వాసన. పిండి ఉడికే వాసన. వెల్లుల్లి. సరే. క్యాబేజీ, కుళ్లిపోయిన కుక్కగొడుగు మాదిరి, కానీ సరే. ఒత్తు కిర్రుకిర్రుమని తిరుగుతున్న చప్పుడు.

తట్టలో వేసుకుని తెచ్చి రమాదేవి మంచం పక్కన కూర్చుంది. అవ్వ లేచి కూర్చుని వంగి చూసింది. సన్నగా, తెల్లగా, జిగురుగా మెరుస్తూ, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి.

"కడుపులో పురుగులకు మందేస్తే పడేటివి ఇవే" అంది.

"అవ్వా, నేను తినాల్నా వద్దా?" అని తనూజ తన తట్ట దూరంగా పెట్టేసింది.

అవ్వ ఇంకా వంగింది. ముక్కు పోగుల మీదికి వచ్చింది. రెండుసార్లు పీల్చింది. ఆమె మొహం మారిపోయింది.

"నెయ్యి."

"లేదత్తా! ఆ డబ్బా దగ్గరికే పోలేదు నేను" అంది రమాదేవి.

"నెయ్యి ఉండాది."

"శెనగనూనెత్తా. కొత్త సీసా మూత తీసి పోసినా. కావాలంటే చూడు. పొద్దున్నుంచి ఎట్లా కడుక్కున్నానో నీ కొడుకును అడుగు!" రమాదేవి రెండు చేతులూ అత్త ముందుకు చాపింది. "నా చేతి కూడు నీకు వద్దు. అది చెప్పు సూటిగా. నెయ్యి, పాలు అని సాకులేంటికి?"

అవ్వ తట్టను మణికట్టుతో నెట్టింది.

రమాదేవి విసురుగా లేచి వంటింట్లోకి పోయింది. ఒత్తు గట్టు మీదే ఉంది. దాని పక్కన చిన్న స్టీలు గిన్నె. అందులో పేరుకున్న నెయ్యి. నెయ్యి మధ్యలో వేలు గుంట.

ధర్మవరంలో వాళ్లింట్లో ఒత్తుకు నెయ్యి రాయకుండా ఎవరూ శావిగలు ఒత్తరు. పిండి అంటుకోకుండా లోపలంతా వేలితో రాస్తారు. ఎనిమిదేళ్ల వయసునుంచి ఆ పని రమాదేవిదే. ఇవాళ కూడా ఎప్పుడు గిన్నె తీసిందో, ఎప్పుడు రాసిందో ఆమెకే తెలీదు. మనిషి జాగ్రత్తగా ఉంది, వేలు దాని పని అది చేసుకుపోయింది.

వెనకనే వచ్చిన తిరుపాల్ కూడా గిన్నె చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఎత్తి పెట్టేయ్. నూనే అని చెప్పుదాం. ముసలామెకు యాడ తెలుస్తాది?"

రమాదేవి అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకు తిరుపాల్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె గిన్నె చేతిలో పట్టుకుని అలాగే వసారాలోకి వచ్చి, అత్త ముందు నిలబడింది.

"నెయ్యే అత్తా. ఒత్తుకు రాసినా. తెలిసి చేయలేదు. కానీ రాసింది నేనే."

అవ్వ ఆ గిన్నెను చూసి మొహం తిప్పుకోలేదు. మొదటిసారి. కోడలి మొహం వైపు చూసింది. పాలు పోసినవాళ్లు, మజ్జిగ చిలకరించినవాళ్లు, పప్పులో కలిపినవాళ్లు అందరూ చుక్క కూడా లేదన్నవాళ్లే. వాంతి చేసుకుని నేలమీద పడినా లేదనే అన్నారు. ఉందని గిన్నెతో సహా తెచ్చి చూపించినవాళ్లు ఇంతవరకు లేరు.

"ఆ కంపు దూరంగా పెట్టు ముందు" అంది అవ్వ. గిన్నె అవతలికి పోయాక, "బియ్యం ఇంకా ఉండాయా?"

"ఉండాయి."

"నానబెట్టు."

మొదటి వాయి ఎనుములు తిన్నాయి. థాయ్‌లాండ్ వంట తిన్న ఎనుములు పెనుకొండలో అవి రెండే అయి ఉంటాయి. ఒకటి తుమ్మింది.

మరుసటి రోజు తిరుపాల్ సెలవు పెట్టి పాలు పిండితే, రమాదేవి ఒత్తును ముక్కలుగా విప్పి, చింతపండు పెట్టి తోమి, బూడిదతో తోమి, మరిగే నీళ్లలో అరగంట వేసింది. అవ్వ ఊరికే పడుకోలేదు. కొడుకూ మనవరాలూ రెక్కలు పట్టుకుంటే వంటింట్లోకి వచ్చి, బోర్లించిన గంప మీద కూర్చుంది. ఆ వంటింట్లో ఆమె కూర్చుని పదహారేళ్లయింది. నెయ్యి డబ్బాను, పాలగిన్నెను పక్కింట్లో పెట్టించాకే లోపలికి అడుగు పెట్టింది. కూర్చున్నప్పటినుంచి నోరు మూయలేదు.

"ఒత్తుకు నూనె రాయి. అబ్బ, అంత కాదు. ఎనుముకు పూస్తాండావా?"

"ఇట్లనా అత్తా?"

"ఆ. ఇప్పుడు పెట్టు ఉండ. వేడి మీద తిప్పు. శావిగలు ఆరనీ. నిన్న వేడివి వేసి గంజి చేసినావు. చీమిడి మాదిరి ఉండె తట్టలో."

బాణలిలో నూనె, వెల్లుల్లి, ఉల్లిపాయ, క్యాబేజీ, మొలకెత్తిన పెసలు. మొలకలు చూసి అవ్వ పెదవి విరిచింది, వాటికి తోకలున్నాయంది. సోయా సాస్ మూత తీయగానే రెండు చేతులూ అడ్డం పెట్టింది. రమాదేవి అర చెంచా మాత్రం వేసింది. పొయ్యి మీద అది చుర్రుమని పొగ లేచింది. అవ్వ దగ్గింది, ఉమ్మింది, టైరు కాలుతోందని అరిచింది. తర్వాత చింతపండు పులుసు, బెల్లం, ఎండుకారం ఉడుకుతుంటే మాత్రం ఆమె తల కొద్దిగా ముందుకు వచ్చింది.

"ఇది మన పులిహోర గుజ్జే కదమ్మే? ఆ దేశమోళ్లు మననుంచి ఎత్తుకుపోయినారు" అంది అసహ్యంగానే.

ఆరిన శావిగలు వేసి, విరగకుండా తిప్పి, పైన వేయించిన వేరుశనగ గింజలు దంచి చల్లింది రమాదేవి. చివరగా ఏమిటో టీవీ ఆమె చెప్పలేదు కాబట్టి నిమ్మకాయ పిండింది.

అవ్వ వాడుకునే సత్తు తట్టలోనే పెట్టి ఆమె ముందుంచింది. అవ్వ వాసన చూసింది. ఇటునుంచి, అటునుంచి. రమాదేవి నేల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. తిరుపాల్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తనూజ టీవీ కట్టేసి వచ్చింది, అది మామూలు విషయం కాదు.

అవ్వ చెయ్యి తట్టలోకి పోయింది. ముడుచుకున్న వేళ్లలో పోగులు నిలవలేదు. ఒకసారి జారాయి. రెండోసారి జారాయి. మూడోసారి మణికట్టుతో ఎత్తబోతే ఒడిలో పడ్డాయి. సంగటి అయితే ముద్ద నిలిచేదేమో. ఇవి పాముల్లా జారిపోతున్నాయి.

"ఆ వీగన్లకు వేళ్లన్నా ఉండాయా లేదా?" అంది అవ్వ.

రమాదేవి కొంచెం తీసి, వేళ్లకు చుట్టి, అత్త నోటి దగ్గర పట్టుకుంది.

అవ్వ నోరు తెరవలేదు. ముందు ఆ చేతిని వాసన చూసింది. వేళ్లు, అరచెయ్యి, మణికట్టు. కుంకుడు, నిమ్మ, చింతపండు. అంత దగ్గరగా ఆమె కోడలి చెయ్యి ఎన్నడూ చూసి ఉండదు. వంటింటి మచ్చలు, ఒత్తు తిప్పి తిప్పి కమిలిన బొటనవేలు.

నోరు తెరిచింది.

నమిలింది. కళ్లు గట్టిగా మూసుకుంది. మొహం ఎన్ని వంకర్లు తిరగాలో అన్ని తిరిగింది. రమాదేవి చేతిలో చెంబు సిద్ధంగా పట్టుకుంది. అవ్వ గొంతు ఒకసారి పైకి లేచి కిందికి దిగింది. అందరూ కాచుకున్నారు. ఏమీ బయటికి రాలేదు.

"థూ" అంది అవ్వ. "వానపాములు బెల్లంలో ముంచినట్టుండాది. తీపేంది కూట్లో? అసయ్యం."

మళ్లీ నోరు తెరిచింది.

రెండో ముద్దకు మొలకల తోకలు పండ్లలో ఇరుక్కున్నాయంది. మూడో ముద్దకు క్యాబేజీ కంపంది. ఆరో ముద్దకు ఆ దేశంలో మనుషులు ఎట్లా బతుకుతున్నారో అని జాలిపడింది. తిట్లు అయిపోయేసరికి తట్ట కూడా అయిపోయింది.

తిరుపాల్ ముందుకు వచ్చి, "నేనూ కొంచెం చూస్తా" అని బాణలిలో చెయ్యి పెట్టబోయాడు. అవ్వ తన మోచెయ్యి బాణలి మీద అడ్డం వేసింది.

"తెల్లారి పాలు పిండింది నువ్వే కదరా? ఆ చేతులతో దీంట్లోకా? అవతలికి పో!"

"నీకు అసయ్యమంటివి కదమ్మా."

"నా అసయ్యం నాది. నీకేంటికి?" అంది అవ్వ. తర్వాత కోడలి వైపు చూడకుండా, ఖాళీ తట్టను మోకాలితో ఆమె వైపు నెట్టింది. ఆ తట్టను అవ్వ తప్ప ఇంకెవరూ తోమింది లేదు.

"రేపు బెల్లం సగం వెయ్యి. కారం ఇంకో చెంచా ఎక్కువెయ్యి. ఆ నల్లనీళ్లు మాత్రం ఈ ఇంట్లో కనపడితే సీసా ఎత్తి వీధిలో పారేస్తా."